మెగ్నీషియం మాత్రలకు ముందు కిడ్నీ పరీక్ష

సంపాదకులకు నమస్కారం,

నిద్ర పట్టకపోయినా, పిక్కలు పట్టేసినా, టెన్షన్ అనిపించినా ఇప్పుడు అందరి నోటా ఒకటే మాట, మెగ్నీషియం వేసుకో అని. చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది కాబట్టి డాక్టర్ని అడిగేవాళ్లు తక్కువ. నా భయమంతా కిడ్నీలు సరిగా పనిచేయని వాళ్ల గురించే. ఒంట్లో ఎక్కువైన మెగ్నీషియాన్ని మూత్రంలో బయటికి పంపేది కిడ్నీలే, అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుపోయి బీపీ పడిపోతుంది, కండరాల్లో సత్తువ పోతుంది, మరీ ఎక్కువైతే గుండె లయే తప్పుతుంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు, పైగా చాలామందికి అది ముదిరేదాకా బయటపడదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా ఇక్కడ ఎవరూ ఈ మాత్రల జోలికి పోకూడదు. గ్యాస్‌కి తాగే చాలా యాంటాసిడ్లలోనూ, మలబద్ధకానికి తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలోనూ ఉన్నది ఇదే, దాన్నీ లెక్కలో కలపాలి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ దీనికీ కనీసం 4 గంటల ఎడం ఉంచాలి, లేకపోతే ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తోనూ ఇదే చిక్కు.

అమెరికాలో పెద్దలకు సప్లిమెంట్లు, మందుల ద్వారా రోజుకు 350 మిల్లీగ్రాములు దాటొద్దని పరిమితి పెట్టారు, తిండిలోది ఇందులోకి రాదు. ఆ లెక్క అసలు మెగ్నీషియానిది. కానీ మాత్రల్లో అది రకరకాల రూపాల్లో ఉంటుంది: మెగ్నీషియం ఆక్సైడ్ బరువులో అసలు మెగ్నీషియం 60 శాతం, మెగ్నీషియం గ్లైసినేట్‌లో సుమారు 14 శాతమే. డబ్బా మీది అంకె ఆ మొత్తం పదార్థం బరువా, అసలు మెగ్నీషియం బరువా తెలియకపోతే మామూలు మనిషి ఎలా లెక్కేసుకుంటాడు? ఆ వివరం, కిడ్నీ రోగులకు హెచ్చరిక, రెండూ డబ్బా ముందువైపే తెలుగులో ఉండాలి. మీ ఆరోగ్య పేజీలో కిడ్నీ డాక్టరు చేత దీని మీద వివరంగా రాయించండి.

— ఒక పాఠకురాలు, పలాస