సూక్ష్మ తరంగం అంత సూక్ష్మమేం కాదు

కడప

పాపా,

నిన్న నువ్వు క్లాసులో పిల్లలకు చెప్పబోయే పాఠం ఫోన్లో చదివి వినిపిస్తుంటే ఒక్క వాక్యం నన్ను పట్టుకుంది. సూక్ష్మ తరంగాలంటే, అదే మైక్రోవేవ్‌లంటే, మైక్రోమీటరు (మీటరులో పది లక్షల వంతు) పొడవుండేవని రాసుకున్నావు. చెప్పేలోపు నీ బస్సు వచ్చేసింది. సోమవారం క్లాసులోపు అందుతుందని రాస్తున్నా.

తప్పు నీది కాదమ్మా, ఆ మాటే అలాంటిది. సూక్ష్మజీవి, సూక్ష్మదర్శిని విన్న పిల్లలకు ఇదీ కంటికి ఆననంత చిన్నదే అనిపిస్తుంది. నిజానికి మిల్లీమీటరు నుంచి మీటరు దాకా పొడవున్న తరంగాలన్నీ మైక్రోవేవ్‌లే. మన కంటికి కనిపించే వెలుగు అల వీటిలో అతి చిన్నదానికన్నా వెయ్యి రెట్లకు పైగా చిన్నది!

మరి సూక్ష్మం అనడం దేనికి? రేడియో తరంగాల పక్కన పెట్టి చూశారు కాబట్టి. నీ చిన్నప్పుడు మన కడప స్టేషన్ పెట్టగానే 333.3 మీటర్లు, 900 కిలోహెర్ట్జ్ అని చెప్పేవాళ్లు, గుర్తుందా? ఆ మీటర్లే అల పొడవు. ఒక్క అల మన వీధి దాటిపోతుంది. దాని ముందు జానెడు అల సూక్ష్మమే కదా.

రాత్రి నిద్ర పట్టక, నువ్వు కొనిచ్చిన మైక్రోవేవ్ ఓవెన్‌లో అల పొడవు కొలిచి చూశాం. తిరిగే పళ్లెం, దాని కింది చక్రం తీసేసి, అప్పడాలు కదలకుండా పరిచి కొద్ది సెకన్లు పెట్టాం. అక్కడక్కడ మాత్రమే తెల్లగా పొంగాయి, మిగతాది పచ్చిగానే ఉంది. మీ అమ్మ కుట్టుమిషన్ టేపు తెచ్చి పొంగిన చోటు నుంచి పక్క చోటుకు పెట్టింది. ఆరు సెంటీమీటర్లు. పెట్టె గోడలకు తగిలి వెనక్కొచ్చే అల ప్రతి సగం పొడవుకూ ఒకచోట బలంగా ఉంటుంది, కాబట్టి అది సగం అల, మొత్తం పన్నెండు. ఓవెన్ వెనక 2450 మెగాహెర్ట్జ్ అని ఉంది, అంటే సెకనుకు 245 కోట్ల అలలు. రెండూ గుణిస్తే సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు, కాంతి వేగం! మీ అమ్మ ఆ టేపు చుట్టకుండా చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

వైఫై, రాడార్ కూడా ఇవే తరంగాలని చెప్పు, లేకుంటే మైక్రోవేవ్ అంటే వంటపెట్టె అనే ఉండిపోతుంది. జగదీశ్ చంద్రబోస్ పేరు మాత్రం వదలకు. 1890లలోనే కోల్‌కతాలో మిల్లీమీటర్ల తరంగాలతో ప్రయోగాలు చేశాడాయన, అప్పటికి ఈ పేరే పుట్టలేదు.

అప్పడాల ప్యాకెట్లు రెండు, టేపు పంపుతున్నాం. కొలిచే పని పిల్లలనే చేయనివ్వు.

మీ నాయన