ఎయిర్‌షిప్ ఎక్కాలనుకునేవాళ్లకి

ఎయిర్‌షిప్ అంటే గాలికన్నా తేలికైన వాయువు నింపిన, ఇంజన్లతో నడిచే పెద్ద బెలూన్‌లాంటి వాహనం. నిన్న ఇక్కడ ఎవరో "ఎయిర్‌షిప్‌లా? అవి 1937లోనే కాలిపోయాయిగా" అన్నారు. కాలింది హిండెన్‌బర్గ్ అనే జర్మన్ ఎయిర్‌షిప్ అండీ. దాంట్లో నింపింది హైడ్రోజన్, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇప్పటివాటిలో ఉండేది హీలియం, అది అంటుకోదు. ఆ టెన్షన్ వదిలేయండి.

జర్మనీలో కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున, ఫ్రీడ్రిష్‌హాఫెన్‌లో 2001 నుంచి జెప్పెలిన్ ఎన్‌టీ అనే ఎయిర్‌షిప్‌లో జనం టికెట్ కొనుక్కుని చక్కర్లు కొట్టొస్తున్నారు. పొడవు 75 మీటర్లు. ఎక్కేది మాత్రం డజనుకి కాస్త అటూ ఇటూ!

నాకు భలే నచ్చింది ఎక్కించే పద్ధతి. నేల మీదికి దిగినా అది కుదురుగా ఉండదు, గాలికి మెల్లగా ఊగుతూనే ఉంటుంది. ఇద్దరు దిగుతారు, ఇద్దరు ఎక్కుతారు, మళ్లీ ఇద్దరు. అందరూ ఒక్కసారే దిగేస్తే బరువు తగ్గి పైకి లేస్తుందని ఆ జాగ్రత్త. పైన దాదాపు 300 మీటర్ల ఎత్తులో నింపాదిగా సాగుతుంది. బెల్టు తీసేసి పెద్ద పెద్ద కిటికీల దగ్గర తిరగొచ్చు. విమానంలో రెక్క, మబ్బులు తప్ప ఏం కనిపిస్తాయి చెప్పండి?

టికెట్ చవకేం కాదు. గాలి ఎక్కువైతే రద్దు చేస్తారు కూడా. అటు వెళ్లేవాళ్లు దీనికోసం ఒక్క రోజే పెట్టుకోకండి.