ఆదివారాలు మా ఊరి పిల్లలకిచ్చిన వారికి కృతజ్ఞతలు

పేర్లు రాయవద్దని మీరు గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. కానీ ఏమీ చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల మండలం తీరంలో ఉన్న మా ఊరికి ఆదివారాల్లో వచ్చి, మా పిల్లలకు తోడుగా నిలిచిన బాబులకూ, అమ్మాయిలకూ నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. నేను ఊళ్ళో డ్వాక్రా సంఘాలకు యానిమేటర్‌ని. సంఘం మీటింగ్ పెట్టినప్పుడల్లా మీ మాట రాకుండా ఉండదు.

తెలియనివాళ్ళ కోసం మా ఊరి సంగతి కొంచెం చెప్తాను. ఆగస్టు వచ్చేసరికి మా మగవాళ్ళు చాలామంది గుజరాత్‌లోని వేరావల్‌కు పోతారు. అక్కడ బోట్ల మీద పని. మళ్ళీ ఇంటికొచ్చేది వేసవికే. 2018లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు అలా వెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకు చిక్కారు. 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ రోజుల్లో తీరంలో ఏ ఇంట్లోనూ సరైన నిద్ర లేదు. అయినా పోక తప్పదు, ఇక్కడి వేటతో ఇల్లు గడవదు. అందుకే తొమ్మిదో తరగతికి వచ్చిన మగపిల్లాడికి బడి కన్నా బోటు మీదే ధ్యాస. మా గుంటడూ అంతే. "పది చదివి ఏటి చేస్తాను, నాన్నతో పోతాను" అనేవాడు. నా దగ్గర దానికి జవాబు లేదు.

మీరు వచ్చిన కొత్తలో ఊళ్ళో పెద్దవాళ్ళు మిమ్మల్ని అనుమానంగానే చూశారు. ఒకరోజు వచ్చి నోటు పుస్తకాలు పంచి, ఫోటోలు దిగి వెళ్ళిపోయేవాళ్ళను మేం చాలామందిని చూశాం. వాళ్ళను తప్పు పట్టను, ఆ పుస్తకాలూ పిల్లలకు పనికొచ్చాయి. మీరు మాత్రం తల్లులందరినీ స్కూలు వరండాలో కూర్చోబెట్టి ముందు మీ నియమాలు చెప్పారు. ఒక్కొక్కరూ ఒక్క పిల్లాడికో, ఒక్క పిల్లకో తోడుంటారు. ఏడాదైనా రాగలిగినవాళ్ళనే తీసుకుంటారు. ఆడపిల్లలకు ఆడవాళ్ళే. కలిసేది పట్టపగలు, నలుగురికీ కనబడే చోట. డబ్బులు, ఫోన్లు ఇవ్వరు. పిల్లల ఫోటోలు ఎక్కడా పెట్టరు. ఇంట్లోవాళ్ళ సంతకం లేనిదే మొదలుపెట్టరు. "మధ్యలో మానేస్తే, అసలు ఎవరూ రాకపోయిన దానికన్నా పిల్లలు ఎక్కువ బాధపడతారమ్మా" అని మీలో ఒకరు అన్నప్పుడు తల్లులం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాన్న ఎప్పుడొస్తాడా అని ఏడాదిలో సగం పైగా ఎదురుచూసే పిల్లలు మావాళ్ళు. ఆ సంగతి మేం చెప్పకముందే మీకు తెలుసు.

ఆ రోజే న్యూయార్క్ కథ కూడా చెప్పారు. 1904లో అక్కడి పిల్లల కోర్టులో గుమాస్తాగా పనిచేసే ఎర్నెస్ట్ కౌల్టర్, నేరాల్లో చిక్కుకుని వచ్చే పిల్లల్ని చూడలేక, ఒక్కో పెద్దమనిషి ఒక్కో పిల్లాడికి అన్నలా ఉండమని అడిగాడట. నాకది వింటుంటే మన గిడుగు రామ్మూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. మన పర్వతాలపేటలో పుట్టిన ఆయన సవరల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఎవరూ అడగకుండానే పక్కవాళ్ళ పిల్లల కోసం నిలబడిన మనుషులు ఈ నేల మీద ముందూ ఉన్నారు.

మా వాడికి తోడుగా వచ్చిన బాబు మొదటి కొన్ని నెలలు ఒక్క పాఠం చెప్పలేదు. నాకు లోపల టెన్షన్‌గానే ఉండేది. తుఫాను షెల్టర్ ముందు, బోట్లు లాగిపెట్టే చోట కూర్చుని, ఇంజిన్ ఎలా పనిచేస్తుందో వీడి చేతే చెప్పించుకునేవాడు. తెలియనిది మళ్ళీ అడిగేవాడు, పుస్తకంలో రాసుకునేవాడు. చదువుకున్న మనిషి తన ముందు శిష్యుడిలా కూర్చోవడం మా వాడు అంతకు ముందు చూడలేదు. వాడి నడకే మారింది. ఆ తర్వాత ఒక ఆదివారం ఆ బాబు, "నువ్వు బోటు వదలక్కర్లేదురా, పది వదలొద్దు" అని సిఫ్‌నెట్ గురించి చెప్పాడు. చేపల వేట బోట్ల మీద పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది, విశాఖపట్నంలో యూనిట్ ఉంది. పది పాసైనవాళ్ళకు వెసల్ నావిగేటర్ (బోటు నడపడం), మెరైన్ ఫిట్టర్ (బోటు ఇంజిన్ పని) అని రెండేళ్ళ కోర్సులున్నాయి. లెక్కల్లో, సైన్సులో మార్కులు చూస్తారు, ఎంట్రన్స్ రాయాలి. తరతరాలుగా సముద్రం మీద బతికే మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు! లెక్కలెందుకు అనే ప్రశ్న మా వాడు మళ్ళీ అడగలేదు. ఎంత డీజిల్‌కి ఎన్ని గంటలు నడుస్తుందన్న దగ్గర మొదలుపెట్టి ఆ బాబే నేర్పాడు.

వేరావల్‌లో బోటు ఒడ్డుకు చేరినప్పుడు ఆ బాబు మా ఆయనకు కూడా ఫోన్ చేసి, వాడి సంగతులన్నీ చెప్పి సలహా అడిగేవాడు. "మన గుంటడి గురించి నన్ను కనుక్కుంటున్నాడే" అని ఆయన నాతో అన్నప్పుడు గొంతు వేరేగా ఉంది. మా వాడు ఇప్పుడు మెరైన్ ఫిట్టర్ చదువుతున్నాడు.

మా అమ్మాయి విషయం దీనికన్నా ఎక్కువ చెప్పాలి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుందని, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయని, సర్కారు బడి పిల్లలకు అదెంత ఆసరాయో మాకు చెప్పింది మీలోంచి మా పిల్లకు తోడుగా వచ్చిన అక్కే. ఆధార్‌లో ఒకలా, స్కూలు రికార్డులో ఒకలా ఉన్న పేరు సరిచేయించమని వెంటపడింది. ఆదాయ ధృవపత్రానికి సచివాలయంలో ఏం పట్టుకెళ్ళాలో రాసిచ్చింది. పాత ప్రశ్నలతో మెంటల్ ఎబిలిటీ లెక్కలు చేయించింది. పక్కింటి పిల్ల నెగ్గింది. మా పిల్లకు రాలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ ఆదివారం అక్క వస్తుందో రాదోనని పిల్ల గుమ్మంలోనే నిలబడింది. అక్క ఎప్పటిలాగే అదే ఆటోలో దిగింది. పరీక్ష ఊసే ఎత్తకుండా పిల్ల పక్కన కూర్చుంది. నెగ్గిన పిల్ల దగ్గరికి ఎలా వచ్చారో నెగ్గని పిల్ల దగ్గరికీ అలాగే వచ్చారు. పది మధ్యలో వదిలి వేరావల్ పోయిన ఒక పిల్లాడికి మీలో ఒకరు ఇప్పటికీ ఫోన్ చేస్తున్నారు, ఓపెన్ స్కూల్లో పది కట్టించాలని చూస్తున్నారు. నేను మీకు దండం పెట్టేది అందుకే. మార్కులు వచ్చే పిల్లల్ని అందరూ మెచ్చుకుంటారు.

నాతో చెప్పుకోలేని మాటలు కూడా మా పిల్ల అక్కతో చెప్పుకుంటుంది. ఒక తల్లిగా నాకది ధైర్యం.

ఇక ఒక విన్నపం. ఊళ్ళో ఇంకా చాలామంది ఆడపిల్లలు తమకూ ఒక అక్క కావాలని ఎదురుచూస్తున్నారు. శ్రీకాకుళంలో, చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే అమ్మాయిలు, కాలేజీ అమ్మాయిలు ఏడాదిపాటు ఆదివారం పూట రాగలమనుకుంటే మీ దగ్గర్లోని హైస్కూల్ హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడండి. మా ఊరికి వస్తే మధ్యాహ్నం భోజనం మా సంఘం ఆడవాళ్ళ బాధ్యత.

మీ ఆదివారాలను మాకు వదిలిపెట్టిన మీ అమ్మానాన్నలకు మా ఊరి తల్లులందరి తరఫున నమస్కారాలు చెప్పండి.