బీరువాలో పుస్తకం, తాళంచెవి ఎక్కడో

పౌర గ్రంథాలయాల శాఖ సంచాలకులు గారికి నమస్కారం.

ప్రకాశం జిల్లాలో ఓ చిన్న టౌన్‌లో కథలు రాసుకునేవాణ్ణి. కిందటేడు నా పుస్తకం రెండు కాపీలు మా లైబ్రరీకి ఊరికే ఇచ్చాను. మొన్న వెళ్లి అడిగితే, తాళంచెవి కాసేపు వెతికి బీరువా తీశారు. మొదటి పేజీలో ఊదారంగు గుండ్రటి ముద్ర. వెనక అతికించిన చీటీలో ఒక్క తేదీ లేదు. ఎవరూ చదవలేదని బాధ లేదండీ, తాళం వేసిన బీరువాలోది ఎవరు చదువుతారు?

జనం రాక కాదు. పొద్దున్నే డీఎస్సీ, గ్రూప్స్ పిల్లలు కుర్చీల కోసం పోటీ పడతారు. కరెంటు పోతే వరండాలోకి లాక్కుంటారు. పేపర్ల బల్ల దగ్గర రిటైరైన మాస్టార్లు సరేసరి. లైబ్రరీ స్టడీ హాలైంది, మంచిదే. కథల పుస్తకానికీ కాస్త చోటుండాలి కదా.

1960 నాటి చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అందులోంచి జిల్లా రచయితల పుస్తకాలు కొనండి, దానం అడగొద్దు. బ్రిటన్‌లో 1979లో చట్టం చేసి, పుస్తకం ఎన్నిసార్లు అరువు వెళ్లిందన్న లెక్కను బట్టి రచయితకు డబ్బులిస్తున్నారు. అంతదాకా ఇప్పుడే వద్దు. నెలకో ఆదివారం ఒక రచయితను పాఠకుల ముందు కూర్చోబెట్టండి. టీ ఖర్చు మాది.

వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది, 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. 2022 దాకా మా జిల్లాదని గొప్పలు పోయేవాళ్లం, ఇప్పుడది బాపట్ల వాళ్లది!

నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. ఆలోపు ఆ తాళంచెవి కౌంటర్ మీద పెట్టించండి, మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒక కథకుడు