అటవీ శాఖ మంత్రి గారికి: మూషిక జింకకు అడవితో పాటు వాగు కూడా కావాలి

మంత్రి గారికి నమస్కారం.

పులుల గురించి మీకు రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, నేను కుందేలంత ఉండే జీవి గురించి రాస్తున్నా. 2010లో మన జూపార్కు, అత్తాపూర్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వాళ్ల లాకోన్స్ అనే వన్యప్రాణి పరిశోధనశాల కలిసి మూషిక జింకల్ని పెంచడం మొదలుపెట్టాయి, తర్వాత వాటిని నల్లమలకు తీసుకెళ్లి అమ్రాబాద్ టైగర్ రిజర్వులో వదిలారు. మంచి పని, కాదనను. వదిలాక వాటి సంగతేమిటన్నదే నా ప్రశ్న.

జింక అంటాం గానీ దీనికి కొమ్ములుండవు, మగవాటికి పైదవడ నుంచి కోరలు దిగుతాయి. నెమరేస్తుంది, అయినా పొట్టలో ఆవుకున్నట్టు నాలుగు గదులుండవు, మూడే. పగలంతా పొదల్లో నక్కి, రాత్రి బయటికొచ్చి రాలిన పండ్లు తింటుంది. అసలు ఆశ్చర్యం దీని చుట్టాల దగ్గరుంది. ఆఫ్రికా వానల అడవుల్లో ఉండే నీటి మూషిక జింక, గద్దో చిరుతో తరిమితే ఏట్లోకి దూకి నీళ్ల అడుగునే నడిచిపోతుంది. శ్రీలంకలో ముంగిస వెంటపడితే చెరువులో మునిగి తప్పించుకున్న మూషిక జింకను చూసినవాళ్లున్నారు, బోర్నియోలో అయితే ఒకటి ఐదు నిమిషాలకు పైగా మునిగే ఉందట! ఇంకో మాట, జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర దొరికిన ఇండోహ్యూస్ శిలాజానికి 1971లో ఆ పేరు పెట్టింది భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు గారు. 2007లో తేలిందేమంటే, తిమింగలాలకు దగ్గరి బంధువైన ఆ చిన్న గిట్టల జంతువు కూడా నీళ్లలో దిగి తిరిగేదే. దాని బతుకు ఎలా ఉండేదో చెప్పడానికి శాస్త్రవేత్తలు పోలిక తెచ్చింది ఈ ఆఫ్రికా మూషిక జింకనే.

అందుకే అడుగుతున్నా. ఇక ముందు వదిలేటప్పుడు ఎండాకాలంలోనూ నీళ్లుండే వాగు పక్కన, ఒడ్డున పొదలు దట్టంగా ఉన్న చోటు చూడండి, ఫైర్ లైన్ల (మంట పాకకుండా చెట్టూచేమా తీసేసి ఖాళీగా ఉంచే దారుల) పేరుతో ఆ పొదలు కొట్టేయకుండా కింది సిబ్బందికి గట్టిగా చెప్పండి. ఉచ్చులు పెట్టేవాళ్లు కూడా నీళ్ల దారులే కాస్తారు కాబట్టి గస్తీ అక్కడే ఎక్కువుండాలి. పులి కోసం పెట్టిన కెమెరాలో ఇది పడితే పడుతుంది, లేకపోతే లేదు. వాగుల వెంట నేలకు దగ్గరగా విడిగా కొన్ని పెట్టిస్తే అంత ఖర్చేమీ కాదు. ఇప్పటిదాకా ఎన్ని వదిలారో, ఎన్ని బతికాయో, పిల్లలు పెట్టాయో లేదో తెలుగులో రెండు పేజీల నివేదిక శాఖ వెబ్‌సైట్‌లో పెట్టించండి. ఈ వానాకాలం లోపు అయితే మరీ మంచిది.

ఇట్లు,
ఒక హైదరాబాదీ