కారు ఏసీ గ్యాస్‌ను తూకం వేసి కొట్టాలి

సంపాదకుల వారికి,

ఎండలు ముదిరాయంటే తిరుపతిలో కారు ఏసీ షాపుల ముందు పాత కార్లు, ట్యాక్సీలు బారులు తీరతాయి. చల్లదనం తగ్గిందని చెబితే చాలాచోట్ల ఒకటే వైద్యం: గ్యాస్ కొట్టడం. ఎంత కొట్టారో బిల్లులో ఉండదు. అసలు ఎందుకు తగ్గిందో చూడరు. తిరిగేకొద్దీ ఖర్చవడానికి అది పెట్రోలు కాదు కదా! పాత రబ్బరు పైపుల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవడం వేరు, ఒక్క వేసవిలోనే ఖాళీ అయితే అది లీకే.

లీకును పట్టడం అంత కష్టమేమీ కాదు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి పైపుల జాయింట్లు, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్, కంప్రెసర్ షాఫ్ట్ సీలు దగ్గర జిడ్డు, దానిమీద దుమ్ము కనిపిస్తాయి. గ్యాస్ కొట్టే సర్వీస్ వాల్వు పిన్ను మీద సబ్బు నురగ వేస్తే బుడగలొస్తాయి, పిన్ను మారిస్తే సరిపోతుంది. కూలింగ్ కాయిల్ కారితే మాత్రం చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పక తప్పదు.

అన్ని జబ్బులూ గ్యాస్‌వి కావు. రోడ్డు మీద చల్లగా ఉండి, అలిపిరి దగ్గర క్యూలో ఆగగానే వేడిగాలి కొడితే ముందు చూడాల్సింది కండెన్సర్ ఫ్యాను, దాన్ని ఆన్ చేసే రిలే స్విచ్చు. అక్కడ గ్యాస్ ఇంకా ఎక్కిస్తే ప్రెషర్ పెరిగి కంప్రెసర్ పోతుంది. ప్రెషర్ కొలిచే జంట గేజి పెడితే విషయం తెలుస్తుంది: రెండు ముళ్లూ తక్కువుంటే గ్యాస్ లేనట్టు, రెండూ ఎక్కువుంటే ఫ్యాను, మురికి కండెన్సర్ లేదా అతిగా కొట్టిన గ్యాస్. లో సైడు (తక్కువ ప్రెషర్ వైపు) ముల్లు ఎక్కువై, హై సైడు (ఎక్కువ ప్రెషర్ వైపు) ముల్లు తక్కువైతే కంప్రెసర్‌నే అనుమానించాలి. గంటసేపు బాగా ఉండి తర్వాత గాలి తగ్గిపోతే కాయిల్‌కి ఐసు కడుతోంది. కాయిల్ చల్లదనాన్ని కొలిచే థర్మిస్టర్, లోపలి గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ చూడాలి.

లీకు సరిచేశాక తేమను పీల్చే డ్రయర్ మార్చి, పంపుతో లోపలి గాలి, తేమ లాగేస్తూ కనీసం అరగంట వ్యాక్యూమ్ పట్టాలి. పంపు ఆపాక పావుగంట ముల్లు కదలకూడదు. లోపల తేమ మిగిలితే గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వులో గడ్డకడుతుంది, ఆమ్లమై లోహాన్ని తింటుంది. ఆ తర్వాత బానెట్ కింద స్టిక్కరు మీదున్న గ్రాముల లెక్కే కొట్టాలి. చిన్న కార్లకు చాలావరకు అరకిలో లోపే. చేత్తో పైపు తడిమి 'చాలు' అనడం లెక్క కాదు.

ఇది జేబుకే నష్టం కాదు. ఈ కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ వాయువు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,300 రెట్లకు పైగా బలమైనది. ఇలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందమైన కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. ఇక్కడేమో వాల్వు నొక్కి గాలిలోకి వదిలేస్తున్నారు.

అందుచేత తూనికలు కొలతల శాఖ ఏసీ షాపుల్లో ముద్ర వేసిన కాటా ఉందో లేదో తనిఖీ చేయాలి. గ్యాస్ రకం, గ్రాములు, లీకు పరీక్ష ఫలితం బిల్లులో రాయించాలి. పాత గ్యాస్‌ను పట్టే రికవరీ యంత్రాలు కొనుక్కోవడానికి చిన్న షాపులకు రుణసాయం ఇవ్వాలి, ఐటీఐలలో మెకానిక్‌లకు చిన్నపాటి శిక్షణ పెట్టాలి. అప్పటిదాకా కార్ల యజమానులు సిలిండర్‌ను కాటా మీద పెట్టి, కొట్టకముందు, కొట్టాక బరువు చూపించమని అడగాలి.

— ఒక పాఠకుడు, తిరుపతి