పది నంబరు పానాతో విప్పగలిగేలా

గ్లాస్గో,
ఆదివారం

చిరంజీవి చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. చలి ముదిరింది, నాలుగింటికే చీకటి పడిపోతోంది. అమ్మ పంపిన ఊరగాయ వల్ల అన్నం సయిస్తోంది. ఇక అసలు విషయానికి వస్తాను.

నీ ఫైనలియర్ ప్రాజెక్టు సంగతి ఫోన్లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నాను. అమీర్‌పేటలో డబ్బు కడితే మోడలు, రిపోర్టు, పీపీటీ అన్నీ కట్టకట్టి ఇచ్చేస్తారని, మీ బ్యాచ్‌లో చాలామంది అదే చేస్తున్నారని చెప్పావు. నువ్వు మాత్రం ఆ పని చేయొద్దు. ఇన్నేళ్లు మెకానికల్ చదివాక, నీ అంతట నువ్వు ఒక వస్తువు ఆలోచించి తయారుచేసే అవకాశం ఇప్పుడే మొదటిసారి వస్తోంది. దాన్ని షాపువాడి చేతిలో పెట్టేస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మా ప్రొడక్ట్ డిజైన్ కోర్సును ఇక్కడి యూనివర్సిటీ, గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ కలిసి నడుపుతాయి. ఒకచోట లెక్కలు, లోహాలు చెబుతారు. రెండోచోట బొమ్మ గీయడం, అట్టముక్కలతో నమూనాలు చేయడం, మనుషులు పని చేస్తుంటే గమనించడం నేర్పిస్తారు. జేమ్స్ వాట్ ఈ యూనివర్సిటీలోనే పరికరాలు బాగుచేసే పనివాడు. క్లాసులో చూపించే న్యూకొమెన్ ఆవిరి ఇంజను నమూనా సరిగా నడవకపోతే ఆయన చేతికిచ్చారు. దాన్ని బాగుచేస్తూనే ఆవిరి ఎంత దండగ అవుతోందో పట్టుకున్నాడు. ఆవిరిని చల్లార్చడానికి వేరే గది ఉండాలన్న ఆలోచన ఆయనకు 1765లో వచ్చింది. పాడైన వస్తువు ముందు ఓపిగ్గా కూర్చుంటే ఎంత దొరుకుతుందో చూడు.

స్టూడియోలో ఎవరు ఏం చేసి తెచ్చినా మాస్టార్లు మొదట అడిగేది ఒకటే: ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారు? దీనికి వాళ్లు చెప్పిన ఉదాహరణ ప్లేపంప్. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే భూమిలోంచి నీళ్లు పైకి వచ్చే పంపు అది. దక్షిణాఫ్రికాలో పుట్టింది. 2006లో అమెరికాలో దీని కోసం 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. తీరా ఊళ్లలో పెట్టాక పిల్లలు కాసేపు ఆడుకుని వెళ్లిపోయేవారు, ఆడవాళ్లే వంగి దాన్ని తోసుకోవాల్సి వచ్చేది. చెడిపోతే విప్పగలిగినవాళ్లు ఊళ్లో ఉండేవారు కాదు. కొన్ని చోట్ల జనం పాత చేతిపంపే మళ్లీ పెట్టమని అడిగారు.

అది విన్నప్పుడు నాకు మన వీధి బోరింగ్ గుర్తొచ్చింది. దాని అసలు పేరు ఇండియా మార్క్ 2. 1970ల్లో షోలాపూర్ పంపును ఆధారం చేసుకుని మన ఇంజనీర్లు, యూనిసెఫ్ వాళ్లు కలిసి రూపొందించారు. రోజంతా ఊరు ఊరంతా కొట్టినా తట్టుకునేలా చేశారు. దానికీ ఒక ఇబ్బంది ఉంది. లోపల తోలు వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి, అది ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. అందుకని తర్వాత మార్క్ 3 చేశారు. లోపలి పైపును వెడల్పు చేశారు, దాంతో పైపులు కదపకుండానే పిస్టన్ బయటికి తీసి ఊళ్లోవాళ్లే వాషరు మార్చుకోవచ్చు. మార్చింది చిన్నదే, కానీ ఎవరు బాగుచేస్తారో ముందే ఆలోచించి మార్చారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల వల్ల బోరు నీళ్ల మీద జనానికున్న భయం వేరే సంగతి, పంపు తప్పు అందులో ఏమీ లేదు.

మన వైపు వస్తువు చేసేవాడు తుఫాన్లను కూడా లెక్కలో పెట్టుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ మన దగ్గరే తీరం దాటింది, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు ఎన్ని రోజులకు వచ్చిందో నీకూ గుర్తుండే ఉంటుంది. కరెంటు లేకపోతే కదలని వస్తువు, వైజాగ్ నుంచి పార్టు వస్తే తప్ప నడవని వస్తువు అలాంటప్పుడు ఎవరికీ అక్కరకు రాదు. నువ్వు చెప్పిన సెన్సార్ల డస్ట్‌బిన్ నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే.

మరి ఏం చేయాలి అంటావా? విజయనగరం నుంచి ఈసారి ఇంటికి వచ్చినప్పుడు అమ్మతో పాటు జీడి ఫ్యాక్టరీకి వెళ్లు. ఓనరుగారిని ముందే అడుగు. ఏమీ కొలవకుండా, ఏమీ చెప్పకుండా ఒక పూట ఊరికే చూడు. ఎడమచేత్తో పిక్క తీసి మెషీను బ్లేడ్ల మధ్య పెట్టడం, కాలితో పెడల్ నొక్కడం, కుడిచేత్తో లివరు తిప్పి పెంకు విడదీయడం, పప్పు ఊడదీయడం. ఇదంతా మనం ఒక మాట అనేలోపు అయిపోతుంది. ఆ పెంకులోని జీడి నూనె వేళ్లకు అంటుతుంది. అందులో అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ ఉంటాయి, చర్మాన్ని కాల్చేస్తాయి. అమ్మ బూడిద రాసుకుంటుంది, పక్కావిడ ఆముదం రాసుకుంటుంది. అయినా వేళ్ల కొసలు నల్లబడుతూనే ఉంటాయి.

గ్లౌజులు ఇస్తే సరిపోతుంది కదా అని నీకు వెంటనే అనిపిస్తుంది. అమ్మను అడిగి చూడు. నేను అడిగితే, "తొడుగేసుకుంటే పిక్క చేతికి తెలీదమ్మా, చెమట పట్టేస్తది, సాయంత్రానికి కిలోలు తగ్గిపోతాయి" అంది. కూలి కిలోల లెక్కన కదా. పప్పు విరిగితే ధర పడిపోతుంది. డబ్ల్యూ 320 అని డబ్బాల మీద రాసేది పౌనుకు సుమారు 300 నుంచి 320 విరగని గుళ్లు తూగే రకానికి. విరిగినదానికి ఆ గ్రేడే లేదు. కాబట్టి చేతిని కాపాడుతూ వేగం తగ్గించే వస్తువును వాళ్లు వాడరు. వాడకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. ఆ తొడుగు చేసినవాడు కూలి లెక్క చూడలేదు.

నాకు తోస్తున్నది ఇది. వేళ్లను కప్పే బదులు, వేళ్లు పిక్కను తాకే అవసరమే తగ్గించొచ్చేమో. పిక్కను బ్లేడ్ల దగ్గరకు చేర్చే చిన్న పట్టుకారో, గాడి ఉన్న తొట్టెలాంటిదో. పిక్కలన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి ముందు జల్లెడ పట్టి రెండు మూడు రకాలు చేయాలి. ఇది కుదరకపోవచ్చు కూడా. అయితే కుదిరిందో లేదో తేల్చేది అమ్మా, ఆ బల్ల దగ్గర కూర్చునే మిగతావాళ్లూ. మీ గైడు గారు మార్కులు వేస్తారు, అంతవరకే. మామూలుగా ఒక కిలో పిక్కలకు పట్టే టైము, విరగకుండా వచ్చిన పప్పు ముందు రాసుకో. తర్వాత నీ వస్తువుతో అవే కొలువు. ఆ రెండు అంకెలూ బాగుంటే మీ రిపోర్టులో ఇంకేం లేకపోయినా నాకు చాలు.

సామగ్రి విషయంలో ఒక జాగ్రత్త. మీ ల్యాబులో త్రీడీ ప్రింటర్ ఉందని సంబరపడుతున్నావు. నమూనాకు వాడుకో, తప్పులేదు. కానీ అందులో వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పిక్కలు ఉడికించే బాయిలర్ పక్కన, వేడి పిక్కల మధ్య వంకర పోతుంది. మొక్కజొన్నతో చేసింది కదా, మట్టిలో కలిసిపోతుంది అని చాలామంది అంటారు. పెద్ద ఎత్తున వేడి పెట్టి నడిపే కంపోస్టు ప్లాంటులో అయితే నిజమే, మన పెంటకుప్పలో అది ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. పర్యావరణానికి మంచిదని పేరున్న పదార్థం కన్నా, ఎక్కువకాలం మన్ని, పాడైన ముక్క ఒక్కటే మార్చుకోగలిగే ఇనుపరేకు నాకు మేలనిపిస్తుంది.

అంటించొద్దు, వెల్డింగ్ చేయొద్దు. బోల్టులన్నీ ఎం6, అంటే ఆరు మిల్లీమీటర్లవి, పెట్టు. అప్పుడు మొత్తం పది నంబరు పానా ఒక్కదానితో విప్పొచ్చు. ఆ పానా మన కాశీబుగ్గలో ప్రతి సైకిల్ షాపులోనూ ఉంటుంది. స్ప్రింగు కావాలంటే సైకిల్ స్టాండుదో, బ్రేకుదో సరిపోతుందేమో చూడు. నాన్నతో పాటు వెళ్లి మెకానిక్‌కు నీ బొమ్మ చూపించు, మీ లెక్చరర్ చెప్పనివి ఆయన చెబుతాడు. మర్యాదగా అడుగు, చెప్పినదంతా రాసుకో.

డబ్బు నేను పంపుతాను, ఇనుముకూ లేతు పనికీ. మెషీను లివరు ఎత్తు, పెడల్ ఎత్తు, అమ్మ కూర్చునే స్టూలు ఎత్తు కొలిచి పంపు. బ్లేడ్లను దగ్గరగా ఫొటో తీయి, పక్కన స్కేలు పెట్టడం మర్చిపోకు. పని జరుగుతున్నప్పుడు వీడియో తీస్తే అక్కడున్న అందరినీ అడిగాకే తీయి. క్రిస్మస్ సెలవుల్లో మా వర్క్‌షాప్ మూసేస్తారు, అంతకుముందే కొలతలు వస్తే ఇక్కడ కూడా ఒక నమూనా చేసి చూస్తాను.

అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అక్క